పొడి యక్షరములు – వాని పుట్టుపూర్వోత్తరములు

మేళ్లచెరువులో మే మెరిగిన యొక గృహిణి, హైదరాబాదున చదువుకొనుచున్న తన కుమారునకు మహాశివరాత్రికి ముందు సెల్ఫోనులో దీర్ఘమైన సందేశ మొకటి వ్రాసినది. శంభులింగేశ్వరస్వామివారి జాతరకు ప్రభలు సిద్ధమగుచున్నవనియు, ఎడ్ల పందెములు చూచుటకు మేనమామ పిల్లలందరు వచ్చుచున్నారనియు, బస్సులలో తొక్కిడి యెక్కువగా నుండును గావున ఒకదినము ముందుగానే బయలుదేరవలసినదనియు అందులో కలదు. కుమారుని ప్రత్యుత్తరము ఒకే యొక ఆంగ్లాక్షరము: 'కె'. ఆమె దానిని అత్తగారికి చూపినది. పొరుగింటి వదినెగారికి చూపినది. ఎవ్వరికిని బోధపడలేదు. పిల్లవాడేమైన కోపగించెనా, ఒంట్లో బాగుగా లేదా యని ఆ రాత్రి ఆ యింట ముద్ద దిగలేదు. మరునాటి యుదయమున ఫోను చేసి యడుగగా ఆ పిల్లవాడు నవ్వి, "సరే అనే గదమ్మా రాసిన!" అనెను.

ఇది నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతియే కావచ్చును. కాని ఇట్టివి నేడు ప్రతి గృహమునందును జరుగుచున్నవి. వెనుకటి కాలమున చదువు రాని తల్లి కొడుకు వ్రాసిన జాబును పోస్టు జవానుచేత చదివించుకొనెడిది. నేటి తల్లి నవలలు చదువగలదు, వార్తాపత్రిక చదువగలదు, బ్యాంకు కాగితము మీద సంతకము చేయగలదు. అయినను కన్నబిడ్డ పంపిన మూడక్షరముల యెదుట మూగవోవుచున్నది. అక్షరములు వచ్చియు చదువలేకపోవుట యనునది క్రొత్తరకపు నిరక్షరాస్యత. దీనిని తొలగించుట కష్టము గాదు. పదిపదునైదు పొడి యక్షరముల కథ తెలిసిన చాలును.

మొదట ఆ 'కె' సంగతియే చూతము. అది 'ఓకే' యను మాట తల తెగిన రూపము. ఆ ఓకే సయితము నిజమైన మాట గాదు. అదియు పొడి యక్షరములే. 1839వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరపు పత్రికల వారికి మాటలను కావలెనని తప్పుగా వ్రాసి, వాని మొదటి యక్షరములను మాత్రము అచ్చువేసి నవ్వుకొనుట యొక వేడుకగా నుండెను. 'ఆల్ కరెక్ట్', అనగా అంతయు సరియే, అను మాటలను వారు ఓ, కె అను అక్షరములతో మొదలగునట్లు తప్పుగా కూర్చిరి. 1839 మార్చి 23వ తేదీ 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రికలో ఇది మొదట కనబడినది. మరుసటి సంవత్సరము అధ్యక్షపదవి యెన్నికలలో మార్టిన్ వాన్ బ్యూరెన్ అను నతని పక్షమువారు అతని ముద్దుపేరైన 'ఓల్డ్ కిండర్‌హుక్' అనుదానిని కూడ ఇవే రెండక్షరములకు కుదించి ఊరూర చాటిరి. దానితో ఆ హాస్యము నిలిచిపోయినది. ఇట్లు నూటయెనుబది యేండ్లక్రిందటి పత్రికావిలేఖరుల పరిహాసము నేడు మన వరిచేలలో కూలివాండ్ర నోట కూడ పలుకుచున్నది. ఆ రెండక్షరములలో గూడ ఒకటి యెక్కువయని మన పిల్లలు దానిని తీసివేసిరి.

పెద్దవారు కొందరు, "ఇదేమి పాడుకాలము! మాటలను ముక్కలు చేయుచున్నారు" అని నొచ్చుకొందురు. వారితో మే మేకీభవింపజాలము. పొడి యక్షరములు మన యింటికి ఇంటర్నెట్టుతో వచ్చినవి కావు. పాత పెట్టెలోని జాబులు తీసి చూడుడు. పైన 'మ॥ రా॥ రా॥ శ్రీ' యని యుండును, అది మహారాజరాజశ్రీ. కుమారునకు 'చి॥', అనగా చిరంజీవి. ఆడుబిడ్డకు 'చి॥ ల॥ సౌ॥', అనగా చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పెండ్లి శుభలేఖలమీద ఇది నేటికిని విడువక అచ్చగుచున్నది. 2018లో వచ్చిన యొక చలనచిత్రమునకు ఈ మూడక్షరములే పేరు. జాబు ముగించిన పిదప జ్ఞాపకము వచ్చినదానిని 'తా॥ క॥' అని క్రింద చేర్చెడివారు. తాజా కలము, అనగా మరల సిరాలో ముంచిన కలమన్నమాట. తాజా, కలము రెండును పారసీ అరబ్బీల నుండి ఉర్దూ ద్వారమున మనకు వచ్చినవి. పద్యకావ్యము తెరచినచో క॥, సీ॥, ఉ॥, చ॥, తే॥ గీ॥ అని వరుసగా నుండును. పద్యము చదువుకొన్న యాడపిల్లకు 'సీ॥' యనగా సీసమని ఎవ్వరును విప్పి చెప్పనక్కరలేకుండెను. 1885లో వెలువడిన శబ్దరత్నాకరములో ప్రతి మాట ప్రక్కను వి., విణ. వంటి పొడి యక్షరములే. ఇక 'ఉభయకుశలోపరి' యను మాట చూడుడు. ఇచట మేము క్షేమము, అచట మీరు క్షేమమని తలంతును, ఇక పై సంగతులు అను మూడు వాక్యములను ఒక్క సమాసములో ఇరికించిన మన పూర్వులకు, ఏ అమెరికా పిల్లవాడును పొదుపు నేర్పనక్కరలేదు.

మన పేరులును అంతే. ఇంటిపేరును ఒక్క అక్షరమునకు కుదించి ముందు పెట్టుకొనుట తెలుగువారి అలవాటు. చాగంటి సోమయాజులు చాసో యయ్యెను. కొడవటిగంటి కుటుంబరావు కొకు అయ్యెను. రెండక్షరములు మనసులను ఎంత కదలింపగలవో మన జిల్లాలవారికి మరింత బాగుగ తెలియును. తెలంగాణోద్యమ దినములలో బండ్ల నంబరు పలకలమీద 'ఏ.పి.' యను నక్షరములను చెరిపి 'టి.జి.' యని వ్రాసికొన్నవారు అనేకులు. 2014లో రాష్ట్రము వచ్చిన పిదప అవి 'టి.ఎస్.' అయినవి, 2024 మార్చిలో మరల 'టి.జి.' అయినవి. ఒక్క అక్షరము మార్పుకొరకు ప్రభుత్వముత్తరువులు వెలువడినవనిన పొడి యక్షరము చిన్న వస్తువు కాదని తేలుచున్నది గదా.

అన్ని పాత పొడి యక్షరములును మంచివే యని మా యభిప్రాయము కాదు. ఒకదానిని గూర్చి మేము మొగమాటము లేక చెప్పవలసియున్నది. 'గం॥ భా॥ స॥' అను మూడక్షరములను మన పెద్దలు భర్త గతించిన స్త్రీ పేరునకు ముందు వ్రాసెడివారు. గంగాభాగీరథీసమానురాలు అని దాని విస్తరణము. వినుటకు ఎంత గౌరవముగ నున్నది! కాని చేయు పని వేరు. జాబు కవరుమీద, దస్తావేజుమీద, ఆ స్త్రీ ముఖము చూడని గుమాస్తాకు సయితము ఆమె వైధవ్యమును చాటి చెప్పుటయే దాని పని. భార్య గతించిన పురుషునకు ఇట్టి పొడి యక్షరము ఏదియు లేదు. అతడు నిన్నటివలెనే నేడును మ॥ రా॥ రా॥ శ్రీయే. 1856లో వితంతువివాహములకు చట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. అటుపిమ్మటను ఎన్నో యేండ్లు ఈ మూడక్షరములు స్త్రీల పేరులను వదలలేదు. ఇప్పుడు అవి చాలవరకు మరుగుపడినవి. ఎక్కడైన మిగిలియుండిన ఈ పత్రిక చదువు సోదరీమణులు తమ చేతితోనే కొట్టివేయవలెనని కోరుచున్నాము. పిల్లలు వ్రాయు 'కె'లో అమర్యాద యున్నదని బాధపడు పెద్దలు, ఈ గౌరవపదములోని క్రౌర్యమును గూడ ఒకసారి తలచుకొనవలెను.

మాటలు కుదించుటకు మర్యాదయే గాక సొమ్ము కూడ కారణము. మనదేశమున తొలి తంతి 1850లో కలకత్తాకును డైమండ్ హార్బరుకును నడుమ వేయబడినది. తంతివార్తకు మాటల లెక్కన రుసుము. అందుచేత "తండ్రిగారికి చాల జబ్బుగా నున్నది, నీవు వెంటనే బయలుదేరి రావలసినది" అనుదానిని నాలుగు ఇంగ్లీషు మాటలలో ముగించెడివారు: ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఇంగ్లీషు రాని పల్లెలలో గూడ ఈ నాలుగు మాటలకు అర్థము తెలియనివారుండెడివారు కారు. పెండ్లికి, పండుగకు పంపు శుభాకాంక్షలకు తంతి శాఖవారు అంకెలు ఏర్పరచిరి. అంకె చెప్పిన చాలును, అవతలి యూరిలో వాక్యము వ్రాసి యిచ్చెడివారు. 2013 జూలై నడుమ ఈ తంతి సేవ మనదేశమున ముగిసినది.

తంతి పోకముందే సెల్ఫోను సందేశము వచ్చినది. తొలి సందేశము 1992 డిసెంబరు 3వ తేదీని ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను యువకుడు పంపెను. క్రిస్మసు శుభాకాంక్షలు మాత్రమే అందులో కలవు. ఒక్కొక్క సందేశమునకు నూటయరువది యక్షరములే యను కట్టడి అంతకు పూర్వమే, 1985లో, జర్మనీ దేశస్థుడైన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అను ఇంజనీరు ఏర్పరచెను. సామాన్యులు వ్రాసికొను వాక్యములను టైపు చేసి లెక్కించి, ఇంతమాత్రము చాలునని నిర్ణయించెనట. ఆయన లెక్కించినవి ఆంగ్లాక్షరములు. మన తెలుగునకు ఈ కొలత సరిపడలేదు. తెలుగు లిపిలో వ్రాసినచో ఒక సందేశమునకు దక్కునది డెబ్బది స్థానములే. అందులోను మన గుణింతములు, ఒత్తులు, సున్నలు ఒక్కొక్కటి వేరువేరుగా లెక్కకు వచ్చును. మనము ఒక్క అక్షరమనుకొను 'స్త్రీ' ఆరు స్థానములు మ్రింగును. మేళ్లచెరువు అనుటకు పదునొకండు, శంభులింగేశ్వరస్వామి యనుటకు పందొమ్మిది. స్వామివారి పేరు నాలుగుసార్లు తలచుకొనులోగా ఒక సందేశము వెల దాటిపోవును! ఆంగ్లాక్షరములలో వ్రాసిన నూటయరువది దొరకును. అప్పటి ఫోనులలో చాలవాటికి తెలుగు లిపియే రాదు. పైగా పండ్రెండు మీటల ఫోనులో ఒక్కొక్క అక్షరమునకు రెండు మూడు పర్యాయములు నొక్కవలెను. ఆంగ్లాక్షరములలో 'సరే' యని వ్రాయుటకు పది నొక్కులు, 'కె' యనుటకు రెండే. మేళ్లచెరువు తల్లిని రాత్రి పస్తుంచినది కుమారుని నిర్లక్ష్యము గాదు, ఆ పాత మీటల అలవాటు.

ఆంగ్లాక్షరములలో తెలుగు వ్రాయుట ఇట్లు స్థిరపడినది. దీనిలోని చిక్కు గృహిణులకే ఎక్కువ తెలియును. కె, ఎ, ఎల్, ఎల్, యు అను అయిదక్షరములు వరుసగా వచ్చినవనుకొందము. అవి కళ్లా? కాళ్లా? లేక కల్లా? "అత్తయ్యకు కళ్లు నొప్పులు" అనియు "కాళ్లు నొప్పులు" అనియు రెండు విధముల చదువవచ్చును. ఒకదానికి ఒక వైద్యుడు, రెండవదానికి వేరొక వైద్యుడు. "మామయ్యను కల్లు ముట్టవద్దన్నారు" అనుదానిని కాళ్లని చదివిన మామయ్యగారికి సంతోషమే గాని ఇంటివారికి గాదు. పాలును పళ్లును ఇట్లే కలిసిపోవును. పెండ్లియు పిల్లియు కూడ ఒకరి చేతివ్రాతలో దగ్గరకు వచ్చుచున్నవి. హ్రస్వదీర్ఘములు, ల ళలు, త టలు భేదము లేక పోయినప్పుడు భాష కుంటుపడుననుట అతిశయోక్తి కాదు.

ఈ చిక్కును విప్పినవారు మనవారే యున్నారు. 1990 దశకమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందు చదివిన తెలుగు విద్యార్థులు, కన్నెగంటి రామారావుగారు మొదలగువారు, ఆర్.టి.ఎస్. అను ఒక పద్ధతిని కూర్చిరి. దీర్ఘమునకు పెద్ద ఎ, ళకారమునకు పెద్ద ఎల్ వ్రాయవలెను. ఇట్లు చేసిన కళ్లు కాళ్లు కల్లు మూడును వేర్వేరుగ నుండును, కంప్యూటరు దానిని తిరిగి చక్కని తెలుగు లిపిలోనికి మార్చివేయును. 2006లో వీవెన్‌గారు నెలకొల్పిన 'లేఖిని' యను సాధనము ఈ మార్గముననే ఎందరికో తెలుగు వ్రాయ నేర్పినది. కాని ఫోనులో పెద్ద యక్షరము వ్రాయుటకు మరియొక మీట నొక్కవలెను గదా! బద్ధకము శాస్త్రమును జయించినది.

మన లిపి ఒక్కొక్కప్పుడు పగయు తీర్చుకొన్నది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఫోనులకు తెలుగు 'జ్ఞా' యను అక్షరము ఒకానొక కూర్పుతో చేరినచో, ఆ సందేశము తెరచిన సాధనము నిలిచిపోయెడిది. లోకమందలి ఫోనులు మన జ్ఞానమునకు తాళలేకపోయినవని తెలుగువారు నవ్వుకొనిరి. కంపెనీవారు ఆ నెలలోనే దిద్దుబాటు పంపిరి.

ఇక పిల్లలు తరచుగ వాడు కొన్ని పొడి యక్షరములను చెప్పుదుము. 'ఓ.ఎం.జి.' యనగా ఓ మై గాడ్, అయ్యో దేవుడా యని. ఇది నిన్నటి పిల్లల సృష్టి యని మీరనుకొనిన పొరపాటు. 1917 సెప్టెంబరు 9వ తేదీని, డెబ్బదియారేండ్ల బ్రిటిషు నౌకాసేనాని లార్డు ఫిషర్ విన్‌స్టన్ చర్చిలునకు వ్రాసిన యుత్తరములో ఈ మూడక్షరములు కలవు. 'ఎల్.ఓ.ఎల్.' అనగా పగలబడి నవ్వుచున్నానని. 1980 దశకపు చివర కంప్యూటరు తీగెలమీద మాటలాడుకొన్నవారి నడుమ ఇది వ్యాప్తి చెందినది. 2011 మార్చిలో ఈ రెండింటికిని ఆక్స్‌ఫర్డు నిఘంటువులో చోటు దొరకినది. కొందరు దీనిని 'మిక్కిలి ప్రేమతో' అని చదువుదురు. ఇంగ్లండు ప్రధాని డేవిడ్ కామెరానే యట్లు పొరబడి తన సందేశముల చివర దీనిని వ్రాసికొన్నట్లు 2012లో ఒక విచారణసంఘము నెదుట బయటపడినది. దేశమునేలు వానికే తెలియనప్పుడు మన మేళ్లచెరువు అత్తగారికి తెలియకపోవుటలో సిగ్గుపడవలసినది లేదు. కాని మరణించిన యింటికి ప్రేమతో అని తలచి ఈ మూడక్షరములు పంపకుందురు గాక!

'జి.ఓ.ఎ.టి.' యని యొక క్రికెటు ఆటగాని బొమ్మ క్రింద పిల్లవాడు వ్రాసి, ప్రక్కన మేక బొమ్మ పెట్టినచో అది తిట్టు గాదు. అన్ని కాలములలోను మేటి యను నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి యక్షరములు కలిసి మేక యయినవి. ముష్టియుద్ధవీరుడు మహమ్మదాలీని గూర్చి ఈ మాట ప్రసిద్ధి చెందినది. మనవైపు ఒకనిని మేకయనిన అర్థము వేరు. కావున మామగారికి ఈ బొమ్మ పంపునప్పుడు జాగ్రత్త. 'టి.క్యు.' కృతజ్ఞత. 'హెచ్.బి.డి.' పుట్టినరోజు శుభాకాంక్ష. 'డి.పి.' యనగా ఫోనులో పేరు ప్రక్కన పెట్టుకొను బొమ్మ. 'బ్రో' యనునది బ్రదర్ అనుదాని మొదలు. దీనిని నేడు ఆడపిల్లలు కూడ ఒకరినొకరు పిలుచుకొనుచున్నారు. అక్కా, వదినె, చెల్లె యని యిన్ని పిలుపులు గల దేశమున ఈ కరవేల వచ్చినదో మాకు తోచదు.

మాకు నచ్చిన దొకటి కలదు. 'బి.ఆర్.బి.' యనగా ఇప్పుడే తిరిగి వచ్చెదను అని. కంప్యూటరు ముందునుండి లేచి పోవువాడు ఈ మూడక్షరములు వ్రాసి పోవును. మన యిండ్లలో గడపదాటువారు పోవుచున్నానని అనరాదు, "పోయొస్త" అనవలెను. పోవుటను చెప్పుచునే వచ్చుటను మాట యిచ్చు ఈ సంప్రదాయమును ఎరిగిన మన నాయనమ్మలకు, ఈ పొడి యక్షరమును ఎవ్వరును వివరింపనక్కరలేదు.

నచ్చనిదియు ఒకటి కలదు: 'ఆర్.ఐ.పి.' ఇది లాటినుభాషలోని ప్రార్థన. శాంతితో విశ్రమింతురు గాక యని. క్రైస్తవ సమాధులమీద చెక్కుట ఆచారము. నేడు వాట్సాపులో ఎవరి మరణవార్త వచ్చినను, ఏ మతమువారైనను, ఈ మూడక్షరములు ఇరువది ముప్పది వరుసగా వచ్చి పడుచున్నవి. భావము చెడ్డది గాదు. కాని పోయినవారి యింటి ఇల్లాలు నెల గడచిన తరువాత ఆ సందేశములను మరల తీసి చదువుకొనును. అప్పుడామెకు కావలసినది, పోయినవారు ఫలానా నాడు మాకీ మేలు చేసిరి అను ఒక్క వాక్యము. మన పూర్వుల 'కీ॥ శే॥', అనగా కీర్తియే శేషముగా గలవారు అను పొడి యక్షరము, పేరునకు ముందు పెట్టుటకు మాత్రమే యుండెను. పరామర్శ జాబు నిండుగనే వ్రాసెడివారు.

అక్షరములతో చాలక బొమ్మలు వచ్చినవి. 1982 సెప్టెంబరు 19వ తేదీని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున స్కాట్ ఫాల్‌మన్ అను అధ్యాపకుడు, పరిహాసముగ వ్రాసినదానిని నిజమని నమ్మి తగవులు పడుచుండుట చూచి, రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణము కూర్చి నవ్వు ముఖమును సూచించెను. 1999లో జపానుదేశపు షిగెటాకా కురీటా ఒక ఫోను కంపెనీ కొరకు నూటడెబ్బదియారు చిన్న బొమ్మలు గీసెను. ఎమోజీ యనునది జపాను మాట. బొమ్మ, అక్షరము అను రెండు మాటల కలయిక. చేతులు జోడించిన బొమ్మను మనము నమస్కారముగ వాడుచున్నాము. జపానులో అది దయచేసి యనుటకు, కృతజ్ఞత తెల్పుటకు. కన్నీరు కార్చుచు నవ్వు ముఖమును 2015లో ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు ఆ సంవత్సరపు మాటగా నెంచిరి. కన్నీరు మాత్రము చూచి నవ్వును గమనింపక, బిడ్డ యేడ్చుచున్నదని కంగారుపడిన తల్లులు కలరు. తెలుగువారికి వీనన్నిటికంటె మేలైన ఎమోజీ బ్రహ్మానందముగారి ముఖము. ఆశ్చర్యము, అవమానము, అతివినయము, ఏ భావమునకైనను ఆయన చిత్రమొకటి సిద్ధముగ నున్నది. తెలుగు రానివారును పంపుకొనుచున్నారు. ఇట్టి బొమ్మలకు 'మీమ్' అని పేరు. రిచర్డ్ డాకిన్స్ అను శాస్త్రజ్ఞుడు 1976లో ఈ మాటను పుట్టించినప్పుడు, ఒకరి నుండి యొకరికి అనుకరణముచే ప్రాకు భావమని మాత్రమే చెప్పెను.

ఇంకొక గుర్తు గలదు. దానిని తెలిసికొనకపోవుట ప్రమాదము. వాట్సాపు సందేశముపైన ఒక బాణమున్నచో అది వేరొకరు వ్రాసినది, పంపినవారు దాటించినది మాత్రమే. రెండు బాణములున్నచో అనేకుల చేతులు మారినది, మొదట వ్రాసినవారెవరో తెలియనిది. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఇట్టి సందేశములు పల్లెపల్లెకు ప్రాకి, దేశమున పలుచోట్ల నిరపరాధులు గుంపులచేతిలో మరణించిరి. అప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు జానపద గాయకులను, డప్పు కళాకారులను ఊరూర పంపి, పుకార్లు నమ్మవలదని పాటలు పాడించిరి. ఆ సంవత్సరమే మనదేశమున ఒక సందేశమును ఒక్కసారి అయిదు చోట్లకు మించి దాటింపరాదని వాట్సాపువారు కట్టడి చేసిరి.

చివరగ సొమ్ముతో పనియున్న అక్షరములు. ఇవి తెలియకపోయిన నవ్వులాట కాదు, ఇల్లు గుల్లయగును. 'పిన్' అను మాటయే చూడుడు. పోస్టువారి పిన్ 1972 ఆగస్టు 15న మొదలైనది. పోస్టల్ ఇండెక్స్ నంబర్ అని దాని విస్తరణము. ఆరంకెలు, ఉమ్మడి నల్లగొండ జిల్లా ఊళ్లది 508తో మొదలగును. ఇది అందరికిని చెప్పవలసినది. బ్యాంకువారి పిన్ వేరు. అది మన గుర్తింపునకు సంబంధించిన రహస్యపు టంకె. దీనిని కట్టుకొన్నవానికి గాని, కన్నవారికి గాని, అసలు ఎవ్వరికిని చెప్పరాదు. పేరొకటియే యగుటచేత ఫోనులో "మీ పిన్ చెప్పుడమ్మా" అని యొకడు అడిగినంతనే తడబడి చెప్పువారున్నారు. 'ఓ.టి.పి.' యనగా ఒక్కసారికి మాత్రము చెల్లు తాళపుచెవి. బ్యాంకు మేనేజరునని చెప్పుకొన్నవాడు గాని, వంటగ్యాసు కంపెనీవాడనని ఫోనులో చెప్పినవాడు గాని దానిని అడిగెనా, వాడు దొంగయని యెంచి ఫోను పెట్టివేయుడు. 'కె.వై.సి.' యనగా ఖాతాదారుని వివరములు బ్యాంకువారు తెలిసికొనుట. అది ముగిసినది, నేడు చేయకున్న ఖాతా మూతపడునని సందేశము వచ్చిన, అందులోని లింకు నొక్కక స్వయముగ బ్యాంకునకు పోయి విచారింపవలెను. 2016లో వచ్చిన 'యు.పి.ఐ.' చేత నేడు కూరగాయల బండివద్ద సయితము ఫోనుతో చెల్లించుచున్నాము. దానిలో ఒక సంగతి బంగారపుముక్కవలె జ్ఞాపకముంచుకొనవలెను: సొమ్ము పంపుటకే పిన్ వేయవలెను, సొమ్ము వచ్చుటకు పిన్ వేయనక్కరలేదు. "మీకు బహుమానము వచ్చినది, పిన్ నొక్కుడు" అనువాడు మీ పెట్టె తెరచుచున్నాడన్నమాట. మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక, ఆ క్షణముననే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. త్వరగ తెలిపినకొలది సొమ్మును దారిలో ఆపుటకు అవకాశము హెచ్చు.

తా॥ క॥ – ఫోనులో తెలుగు లిపి యెట్లు వ్రాయవలెనని పలువురు సోదరీమణులు అడుగుచున్నారు. ఫోను సెట్టింగులలో భాషలు, కీబోర్డు అనుచోట తెలుగును చేర్చుకొనిన చాలును. మీటలు వెదకుట విసుగనిపించినచో కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి పలుకవచ్చును. గూగులువారు 2017లో తెలుగునకు ఈ వసతి కల్పించిరి. పంపుటకు ముందు ఒకసారి చదివి దిద్దుకొనుడు. వాట్సాపులో అక్షరముల లెక్కకు వెల లేదు గావున, శంభులింగేశ్వరస్వామివారి పేరు ఎన్నిసార్లయినను నిండుగ వ్రాయవచ్చును.